యజమానులకూ ఒక యజమాని

ఆదివారం ఆరాధన. పాటలయ్యాయి, వాక్యోపదేశం అయింది, ప్రభు బల్ల ఆరంభమైంది. వరసల వారీగా అందరం ముందుకు వెళ్లి రొట్టె, ద్రాక్షారసం తీసుకుని వచ్చి కూర్చున్నాం. ఎప్పటిలాగే సంఘ పెద్ద లేచి, ఇంకా తీసుకోవలసిన వారెవరైనా ఉన్నారా అని అడిగారు. ఎవరూ లేవలేదు. అప్పుడు సండేస్కూలు పిల్లాడొకడు, 'గేటు దగ్గర తాత తీసుకోలేదండీ' అన్నాడు.

మందిరమంతా ఒక్కసారి నిశ్శబ్దం. ఆ తాత మా మందిరానికి కాపలా ఉండే పెద్దాయన. బాప్తిస్మం పొందిన విశ్వాసి. అప్పటికి పదకొండేళ్లుగా మా దగ్గర పనిచేస్తున్నాడు. మా బళ్లు వరసలో పెట్టించడం, విప్పిన చెప్పుల దగ్గరికి కుక్కలు రాకుండా చూడటం, ఆలస్యంగా వచ్చినవారికి గేటు తీయడం ఆయన పని. మనకు విశ్రాంతి దినమైన ఆదివారమే ఆయనకు అన్నిటికంటే ఎక్కువ పని ఉండే దినం. ఈ పదకొండేళ్లలో ఆయన ఒక్క ఆరాధనలోనైనా మొదటినుంచి చివరిదాకా లోపల కూర్చున్నాడా అని ఒకరినొకరం అడిగి చూసుకున్నాం. కూర్చున్నట్టు ఎవరికీ గుర్తు లేదు.

ఆ వారమే సంఘం లెక్కల పుస్తకం తీశాం. నెలనెలా 'వాచ్‌మన్ జీతం' అని రాసి ఉందే తప్ప ఆయన పేరు ఏ పేజీలోనూ లేదు. వారానికి ఒక సెలవు కూడా లేదు. మూడేళ్లుగా జీతం పెరగలేదు. ఆ మూడేళ్లలోనే మందిరానికి ఏసీలు వచ్చాయి, కొత్త మైకుల సెట్టు వచ్చింది, గోడలకు రెండుసార్లు రంగులు పడ్డాయి.

ఇలాంటి సంగతిని పక్క సంఘం మీద పెట్టి చెప్పడం తేలిక. కానీ ఇది మా సంగతే. ఈ పేజీ చదువుతున్న వారిలో కొందరికి తమ సంగతిలా కూడా అనిపించవచ్చు. అందుకే రాస్తున్నాం.

గ్రీకు మాట ఒకటి

కొలొస్సయి పట్టణంలోని విశ్వాసులకు పౌలు ఉత్తరం రాస్తూ యజమానులతో ప్రత్యేకంగా ఒక మాట చెప్పాడు (కొలొస్స 4:1). మీ కింద పనిచేసేవారికి న్యాయం చేయండి, ఎందుకంటే పరలోకంలో మీకూ ఒక యజమాని ఉన్నాడన్నది దాని సారాంశం. ఆ వచనంలో న్యాయంతో పాటు మరో మాటను పౌలు జోడించాడు. మన తెలుగు బైబిలులో అది ధర్మం అన్న అర్థంలో వచ్చింది. దాని గ్రీకు మూలం 'ఇసోటేస్'. సమానత్వం అనీ, సరిసమానంగా చూడటం అనీ ఆ మాటకు అర్థం.

ఇదే మాటను పౌలు కొరింథీయులకు రాసిన రెండో ఉత్తరంలో కూడా వాడాడు (8:13-14). ఒకరి సమృద్ధి మరొకరి కొరతను తీర్చాలని చెబుతూ, అరణ్యంలో ఇశ్రాయేలీయులు మన్నా కూర్చుకున్న సంగతిని గుర్తుచేశాడు. ఎక్కువ కూర్చుకున్నవాడికి మిగల్లేదు, తక్కువ కూర్చుకున్నవాడికి తగ్గలేదు. అంటే బైబిలు చెప్పే సమానత్వం అందరి చేతిలో ఒకే కొలత పోసి పంపడం కాదు. ఎవరి ఇంటికి ఎంత కావాలో అంత చేరేలా చూడటం.

ఇది రాసిన కాలం గుర్తుంచుకోవాలి. రోమా చట్టం ప్రకారం దాసుడు యజమాని ఆస్తి. పొలం, పశువు ఎలాగో అతడూ అలాగే. అలాంటి రోజుల్లో దాసుడి విషయంలో యజమాని లెక్క అప్పజెప్పాలి అని రాయడం మామూలు విషయం కాదు. పౌలు దాస్యాన్ని నేరుగా ఎందుకు ఖండించలేదని అడిగేవారున్నారు. అది న్యాయమైన ప్రశ్నే. అయితే పారిపోయిన దాసుడు ఒనేసిమును తిప్పి పంపుతూ, ఇతడిని దాసుడిగా కాదు, ప్రియ సహోదరుడిగా చేర్చుకో, ఇతడు నీకేమైనా బాకీ ఉంటే నా లెక్కలో వేయి అని ఫిలేమోనుకు రాసినవాడు కూడా ఆ పౌలే (ఫిలేమోను 16, 18). పనివాడిని సహోదరుడిగా చూడటం మొదలైతే పాత లెక్కలేవీ పాతవిగా మిగలవు.

బోయజు పొలం

పనిచోటు ఎలా ఉండాలో తెలుసుకోవాలంటే రూతు గ్రంథం రెండో అధ్యాయం చదవాలి. దాన్ని మనం ఎక్కువగా పెళ్లి ప్రసంగాల్లోనే వింటాం. నిజానికి అది ఒక పొలంలో ఒక రోజు పని ఎలా సాగిందో చెప్పే కథ.

అవి న్యాయాధిపతులు ఏలిన దినాలు. ఎవరికి తోచింది వారు చేస్తున్న కాలం. బేత్లెహేములో యవల కోత మొదలైంది. రూతు పరదేశి, విధవరాలు, పేదరాలు. పరిగె ఏరుకోవడానికి ఒక పొలానికి వెళ్లింది. కోతలో పొలం అంచులు వదిలేయాలని, రాలిన వెన్నులు బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టాలని ధర్మశాస్త్రంలో ముందే రాసి ఉంది (లేవీ 19:9-10). కాబట్టి రూతు అడిగింది బిచ్చం కాదు, తన హక్కు.

కానీ హక్కు రాసి ఉంటే సరిపోతుందా? సాయంత్రం రూతు ఇంటికి వచ్చాక నయోమి అన్న మాట చూడండి. వేరే పొలాలకు వెళ్లకు, ఆ పనికత్తెలతోనే ఉండు అంది (2:22). వేరే పొలాల్లో ఆడపిల్లకు ఏం జరగవచ్చో ఆ పెద్దావిడకు తెలుసు. ధర్మశాస్త్రం అన్ని పొలాలకూ ఒకటే. భద్రత మాత్రం ఆ పొలం యజమాని ఎవరన్నదాని మీద ఆధారపడింది. మూడు వేల ఏళ్ల నాటి ఈ మాట నేటికీ పాతబడలేదు.

బోయజు ఏం చేశాడు? పొలానికి రాగానే కోత కోసేవారిని దేవుని పేరిట పలకరించాడు. వారు కూడా ఆయనను దీవించారు (2:4). పలకరింపు పైనుంచి కిందికి రావడమే కాదు, కిందినుంచి పైకి కూడా వెళ్లింది. మందిరంలో పక్కన కూర్చున్నవారికి తప్పకుండా వందనాలు చెబుతాం. శనివారం సాయంత్రం మెట్లు కడిగే అక్కకు ఎప్పుడైనా చెప్పామా?

తరువాత, ఈమె జోలికి వెళ్లవద్దని తన పనివారికి ఆజ్ఞ ఇచ్చాడు (2:9). జాగ్రత్తగా ఉండమని రూతుకు చెప్పి ఊరుకోలేదు. జాగ్రత్త పడవలసింది మగవాళ్లని వాళ్లకే చెప్పాడు. ఇక్కడ మనవాళ్లు చాలామంది తిరగబడి నడుస్తారు. ఫిర్యాదు వస్తే ముందు ఆ అమ్మాయి ఎలాంటి బట్టలు వేసుకుంది, ఎందుకంత ఆలస్యంగా ఉంది అని అడుగుతారు.

ఆపైన, దాహమైతే మా వాళ్లు తోడిన నీళ్లే తాగు అన్నాడు. భోజనం వేళ కోత కోసేవారి పక్కనే కూర్చోబెట్టి, వేయించిన గింజలు తానే అందించాడు (2:14). ఆమె కడుపునిండా తిన్నాక కూడా మిగిలాయి, అవి నయోమికి తీసుకెళ్లింది. వేరే కుండ, వేరే గ్లాసు, గుమ్మం బయట భోజనం అంటే ఏమిటో మన తాతముత్తాతలకు ఎవరూ వివరించనక్కరలేదు. మన సంఘాల్లో చాలా కుటుంబాలు ఆ అవమానాన్ని పడి వచ్చినవే. మరి మన ఇంట్లో అంట్లు తోమే ఆమెకు టీ ఏ గ్లాసులో ఇస్తున్నాం? ఆ గ్లాసు ఇంట్లో ఎక్కడ ఉంటుంది?

చివరిగా, ఆమె ఏరుకునే దారిలో కావాలనే కొన్ని వెన్నులు రాల్చమని, ఆమెను అవమానించవద్దని పనివారికి చెప్పాడు (2:15-16). సాయంత్రానికి రూతు తూమెడు యవలు దుళ్లకొట్టుకుంది. సాయం అందింది కానీ ఆమె తల దించుకోవలసి రాలేదు. తన కష్టంతో సంపాదించుకున్నట్టే ఇంటికి వెళ్లింది. మనం చేసే మేలుకు ఫోటోలు తీసి గ్రూపుల్లో పెట్టుకునే ముందు బోయజును ఒకసారి తలచుకోవాలి.

కాలువ గట్టు మీద

బేత్లెహేము దూరమనుకుంటే ఒంగోలు మనకు దగ్గరే. తెలుగు బాప్టిస్టు సంఘాల చరిత్రలో ఎప్పుడూ చెప్పుకునే తేదీ 1878 జులై 3. ఆ రోజు గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్య మనకు కంఠతా వచ్చు. దానికి ముందు ఒక పనిచోటు ఉందన్న సంగతి మాత్రం అంతగా చెప్పుకోం.

1876 నుంచి 1878 వరకు మద్రాసు రాజధాని అంతటా ఘోరమైన కరువు. లక్షల మంది చనిపోయారు. తిండిలేని వారికి పని కల్పించడానికి ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్వకం చేపట్టింది. పని ఉంది, కూలీ ఉంది. కానీ మాదిగ పేటల నుంచి వెళ్లినవారికి అక్కడ న్యాయం దొరకలేదు. మేస్త్రీల వేధింపులు పడలేక వాళ్లు వెనక్కి వస్తున్నారని ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌకు తెలిసింది. ఆయన ఆ పనివారి కోసం ప్రార్థన కూడిక పెట్టి ఊరుకోలేదు. కాలువలో సుమారు మూడున్నర మైళ్ల భాగాన్ని తానే కాంట్రాక్టుకు తీసుకున్నాడు. యవ్వనంలో భూముల సర్వే జట్టులో పనిచేసి ఉండటంతో కొలతలు, తవ్వకం లెక్కలు ఆయనకు కొత్త కాదు. తన దగ్గరున్న తెలుగు బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. క్రైస్తవులే కాదు, కరువు బారిన పడ్డ ఇతరులూ వచ్చి అక్కడ పనిచేశారు.

వేలమంది ఆకలితో ఉన్నారు, బోధకులు పక్కనే ఉన్నారు. బాప్తిస్మం ఇమ్మని అడిగేవారూ ఉన్నారు. అయినా కరువు సాయం నడిచినంత కాలం, ఏడాదికి పైగా, క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూలి కోసం విశ్వాసంలోకి వచ్చారన్న మాట రాకూడదన్నది ఆయన ఉద్దేశం. కూలి వారి హక్కు, విశ్వాసం వారి నిర్ణయం. ఒకదాన్ని ఎరగా చూపి మరొకదాన్ని అడగకూడదు. సాయం ముగిశాకే 1878లో ఆ బాప్తిస్మాలు జరిగాయి.

అంతకుముందు మరో సంఘటన ఉంది. ఒంగోలులో పని ఆరంభించిన తొలినాళ్లలో పై కులాల వారు కొందరు క్లౌ దగ్గరికి వచ్చారు. మాదిగలను చేర్చుకోకపోతే తాము వస్తామన్నారు. పెద్దవాళ్లు వస్తే పని వేగంగా పెరుగుతుందన్న ఆశ ఆయనకూ ఉంది. ఏం చేయాలో తెలియక బైబిలు తెరిస్తే కొరింథీయులకు రాసిన మొదటి ఉత్తరం ఒకటో అధ్యాయం చివరి భాగం కనిపించిందట. లోకం నీచంగా ఎంచినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే భాగం అది. వేరే గదిలో ఉన్న ఆయన భార్య హారియెట్ కూడా అదే సమయంలో అదే భాగం చదువుతోందట. మాదిగల కోసం తలుపు తెరిచే ఉంచారు.

క్లౌలోనూ, ఆయన కాలపు మిషనరీలందరిలోనూ లోపాలుండవచ్చు. అయినా ఒకటి మాత్రం నిజం. మేస్త్రీ కొరడాకూ దోపిడీకీ దొరక్కుండా ఒక పనిచోటును కాపాడిన ప్రయత్నంతో మన తెలుగు సంఘాల తొలినాళ్ల చరిత్ర ముడిపడి ఉంది. ఆనాడు గంప మోసినవారి మునిమనవలం నేడు పాఠశాలలు, ఆసుపత్రులు, హాస్టళ్లు నడుపుతున్నాం. ఆఫీసుల్లో మేనేజర్లుగా కూర్చున్నాం. ఆనాడు కూలీలం, ఈనాడు మేస్త్రీలం. అందుకే ప్రశ్న ఇప్పుడు మనవైపు తిరిగింది.

సణుగుడు విన్న సంఘం

ఆది సంఘంలోనూ వివక్ష ఉంది. యెరూషలేములో ప్రతిదినం జరిగే పంపకంలో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు సరిగా అందడం లేదని సణుగుడు వచ్చింది (అపొ. కార్య. 6). అపొస్తలులు ఆ సణుగుడును అణచలేదు. సాతాను సంఘంలో చీలిక తెస్తున్నాడనలేదు. అందరినీ పిలిచి ఏడుగురిని ఎన్నుకోమన్నారు. ఆ ఏడుగురి పేర్లు చూడండి. స్తెఫను, ఫిలిప్పు మొదలుకుని నీకొలాసు దాకా అన్నీ గ్రీకు పేర్లే. అన్యాయం ఎవరికి జరిగిందో వారి వైపు మనుషులకే పంపకం బాధ్యత అప్పగించారన్నమాట. దాని ఫలితం కూడా అక్కడే రాసి ఉంది. వాక్యం వ్యాపించింది, శిష్యుల సంఖ్య పెరిగింది (6:7). ఫిర్యాదు వింటే సంఘం పరువు పోతుందని భయపడేవారు ఈ అధ్యాయం తీరికగా చదవాలి.

మన దేశపు చట్టం కూడా ఇప్పుడు దాదాపు ఇదే దారిలో నడుస్తోంది. రాజస్థాన్‌లో బాల్యవివాహాన్ని ఆపడానికి ప్రయత్నించిన గ్రామస్థాయి ఉద్యోగిని భన్వరీదేవిపై 1992లో అత్యాచారం జరిగింది. ఆ తర్వాత మహిళా సంఘాలు వేసిన విశాఖ కేసులో 1997లో సుప్రీంకోర్టు పనిచోట్ల స్త్రీల రక్షణకు మార్గదర్శకాలు ఇచ్చింది. అవే 2013లో చట్టంగా మారాయి. పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతి సంస్థలో ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి. దానికి ఆ సంస్థలోని సీనియర్ మహిళా ఉద్యోగి అధ్యక్షత వహించాలి. సభ్యుల్లో కనీసం సగం మంది స్త్రీలు ఉండాలి. బయటినుంచి ఒకరు ఉండాలి. విచారణ 90 రోజుల్లో ముగించాలి. కమిటీ వేయకపోతే 50,000 రూపాయల వరకు జరిమానా. ట్రస్టులు, సొసైటీలు, ఆసుపత్రులు, విద్యాసంస్థలు దీనికి మినహాయింపు కాదు.

స్త్రీ పురుషులకు సమాన పనికి సమాన వేతనం ఇవ్వాలన్న చట్టం 1976లోనే వచ్చింది, తర్వాత 2019 నాటి వేతనాల కోడ్‌లో కలిసింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. మెట్లు తప్ప ర్యాంపు లేని మన మందిరాల సంగతి ఆలోచించుకోవచ్చు.

మన క్రైస్తవ సంస్థల్లో ఎన్నిటిలో ఈ కమిటీలు ఉన్నాయి? ఉన్నచోట ఆయమ్మలకు, నర్సమ్మలకు ఆ సంగతి తెలుసా? కమిటీలో పేర్లున్నవారు కరస్పాండెంటు గారి బంధువులేనా? విశ్వాసులుగా మనం చట్టం కంటే ఒక అడుగు ముందుండాలి. చట్టం దాకా కూడా రాకపోతే ఇక మనం వెలుగునెలా చూపుతాం?

దానమా, బాకీనా

మళ్లీ మా సంఘం సంగతికి వద్దాం. కమిటీ కూర్చుంది. జీతం పెంచుదాం, వారపు సెలవు ఇద్దాం అని కొందరు అన్నారు. వెంటనే ఒకరు, ఇది వ్యాపారం కాదు, దేవుని పని, దేవుని పనిలో జీతం లెక్కలేమిటి అన్నారు. క్రైస్తవ సంస్థల్లో ఈ మాట వినని ఉద్యోగి ఉండడు. పనివాడు తన జీతానికి పాత్రుడని ప్రభువే చెప్పాడని (లూకా 10:7) ఎవరూ అనేలోపే, ఉపాధ్యాయురాలిగా రిటైరైన ఒక అమ్మగారు లేచి, 'దేవుని పని అని కరెంటాఫీసు వాళ్లు మన బిల్లేమైనా తగ్గించారా నాయనా?' అన్నారు. ఆ మాటకు జవాబు రాలేదు.

మరొకరు మధ్యే మార్గం చెప్పారు. క్రిస్మస్‌కు ఆయనకు మంచి బట్టలు, దుప్పటి పెడదాం, ఒక కవరు కూడా ఇద్దాం అన్నారు. చాలామందికి నచ్చింది. అప్పుడు పాస్టరు గారు జక్కయ్యను గుర్తుచేశారు. జక్కయ్య ప్రభువు ముందు నిలబడి రెండు మాటలు చెప్పాడు (లూకా 19:8). ఆస్తిలో సగం బీదలకు ఇస్తానన్నది ఒకటి. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నది రెండోది. మొదటిది దానం, రెండోది బాకీ. ఆయన ఒకదాని పేరు చెప్పి మరొకదాన్ని మాఫీ చేసుకోలేదు. మనం పెట్టే దుప్పటి దానం, ఇవ్వని సెలవు బాకీ అన్నారు పాస్టరు గారు.

ఆ తరువాత గానీ మాకు ఒక సంగతి తట్టలేదు. ఇంతసేపు ఆయన గురించి మేమే మాట్లాడుకుంటున్నాం, ఆయనను పిలిచి అడగలేదు. పిలిచాం. వచ్చి గుమ్మం దగ్గరే నిలబడి, 'నా వల్ల ఏమైనా తప్పు జరిగిందా అయ్యా?' అన్నాడు. పదకొండేళ్లలో కమిటీ గదిలోకి పిలవడం అదే మొదటిసారి మరి. కూర్చోమని బలవంతం చేస్తే కూర్చున్నాడు. ఏం కావాలని అడిగితే చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, రాత్రి పూట మరుగుదొడ్డికి తాళం వేసేస్తున్నారని, దాని తాళంచెవి ఒకటి ఇస్తే బాగుంటుందని అన్నాడు. మరికాసేపటికి, రెండేళ్ల కిందట జ్వరం వచ్చి మూడు రోజులు రాకపోతే జీతం కోసిన సంగతి కూడా చెప్పాడు. ఫిర్యాదులా కాదు, ఎవరికో జరిగిన సంగతిలా చెప్పాడు.

మందిరపు తాళాలన్నీ ఉన్న మనిషి దగ్గర మరుగుదొడ్డి తాళం లేదు. మాలో ఎవరికీ అది తెలియదు. కోత కోసిన పనివారికి ఇవ్వక పట్టిన కూలి మొరపెడుతోందని, ఆ మొర దేవుని చెవిని చేరిందని యాకోబు రాశాడు (5:4). మా ఆవరణలో ఆ మొర పదకొండేళ్లుగా ఉంది. దేవుడు విన్నాడు, మేం వినలేదు.

లెక్క అప్పజెప్పడం

జవాబుదారీ అన్నది కొత్త మాటలా వినిపిస్తుంది కానీ, సమూయేలు దాన్ని చేసి చూపించాడు. తన కుమారులు తన మార్గంలో నడవడం లేదని పెద్దలు మొహం మీద చెప్పగా విన్నవాడాయన (1 సమూయేలు 8). బాధ్యత నుంచి తప్పుకునే రోజున ఆయన సమాజం ముందు నిలబడ్డాడు. ఎవరి ఎద్దు తీసుకున్నాను, ఎవరి గాడిద తీసుకున్నాను, ఎవరిని బాధపెట్టాను, ఎవరి దగ్గర లంచం పుచ్చుకున్నాను, చెప్పండి, తిరిగి ఇస్తాను అన్నాడు (12:3). తనకంటే తక్కువవారిని తన మీద సాక్ష్యం చెప్పమని పిలిచాడు. మన నాయకుల్లో ఈ ప్రశ్న అడగగలిగేవారు ఎందరు? వీడ్కోలు సభల్లో శాలువాలు కప్పించుకోవడం అలవాటే. నేనెవరికి బాకీ ఉన్నానో చెప్పండని అడగడం అలవాటు కాలేదు.

మా వంతు లెక్క మేమూ వేశాం. వారానికి ఒక సెలవు చొప్పున పదకొండేళ్లకు 572 రోజులు. ఆ జ్వరం మూడు రోజులు అదనం. ఆ మొత్తం చూసి ఖజానాదారు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఒకేసారి ఇచ్చే స్తోమత సంఘానికి లేదు. నెలకు కొంత చొప్పున తీర్చాలని, ప్రతి మూడు నెలలకూ కానుకల లెక్కతో పాటు ఈ లెక్క కూడా సంఘం ముందు చదవాలని తీర్మానించాం. బాకీ ఇంకా తీరలేదు. ఏసీలకు ఆలోచించని వారు కొందరు దీనికి ఇప్పటికీ గొణుగుతున్నారు. గొణుగుడు వినడం కూడా నేర్చుకుంటున్నాం. పుస్తకంలో ఇప్పుడు ఆయన పేరు, ఇంటిపేరుతో సహా, ఉంది.

ఆదివారాలు గేటు దగ్గర వంతులవారీగా మేమే ఉంటున్నాం. కమిటీ సభ్యులూ వంతు తప్పించుకోకూడదని నియమం. మొదటి వంతు పాస్టరు గారి కుమారుడిది.

ప్రియులారా, ఇది ఒక్క మందిరం గేటు సంగతి కాదు. మనలో కొందరికి సొంత దుకాణాలున్నాయి. కొందరి కింద పదిమంది ఇంజనీర్లు పనిచేస్తున్నారు. దాదాపు అందరి ఇళ్లకూ పని మనిషో, డ్రైవరో, పాలు పోసేవారో వస్తున్నారు. ప్రసూతి సెలవు అడిగిన అమ్మాయికి ప్రమోషన్ ఆపినప్పుడు, ఒకే పనికి కాంట్రాక్టు మనిషికి సగం జీతం ఇచ్చినప్పుడు, ఇంటర్వ్యూలో ఊరి పేరు అడిగి కులం కూపీ లాగినప్పుడు పరలోకంలో ఒక పుస్తకం తెరిచే ఉంటుంది. బీదవాడైన కూలివానికి సూర్యుడు అస్తమించకముందే కూలి ఇచ్చేయమన్న దేవుడు (ద్వితీ 24:14-15) సూర్యాస్తమయాలను లెక్కపెడుతూనే ఉంటాడు.

కొరింథు సంఘంలో ప్రభు బల్ల దగ్గర కొందరు ముందే వచ్చి తినేసేవారు, కొందరు ఆకలితో మిగిలిపోయేవారు. ఆలస్యంగా వచ్చినవారు పని ముగించుకుని రావలసిన దాసులు, కూలీలే అయి ఉంటారని చాలామంది పండితుల అభిప్రాయం. వారికి పౌలు ఇచ్చిన సలహా చాలా చిన్నది. ఒకరికోసం ఒకరు ఆగండి అన్నాడు (1 కొరింథీ 11:33).

తాత లోపలికి వచ్చిన మొదటి ఆదివారం చివరి వరసలో, తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాడు. బయట ఏ బండి హారన్ మోగినా లేవబోయి, గుర్తొచ్చి మళ్లీ కూర్చునేవాడు. ఆ అలవాటు పోవడానికి రెండు నెలలు పట్టింది. ఆ రోజు బల్ల దగ్గరికి రావడానికి ఆయన కాస్త ఆలస్యం చేశాడు. పాస్టరు గారు రొట్టె పట్టుకుని ఆగారు. మేమందరం ఆగాం.

వచ్చే ఆదివారం బల్ల దగ్గరికి నడిచే ముందు మీరూ ఒకసారి గేటు వైపు చూడండి. అక్కడ ఎవరైనా నిలబడి ఉంటే, వారిని లోపలికి పిలిచి ఆ చోట కాసేపు మీరు నిలబడండి. పనివాడై వడ్రంగం చేసిన మన ప్రభువు ఆ సమయంలో లోపల ఉన్నవారితో పాటు మీతోనూ ఉంటాడు. ఆమేన్.